ప్యాంట్రీ ఫోనులో పాఠం

నా గొంతు బాగుంటుందని నాకు చిన్నప్పటి నుంచీ పొగరు. బడిలో ప్రతిజ్ఞ నేనే చదివేదాన్ని. బంధువుల పెళ్లిళ్లలో మైకు తిరిగి తిరిగి నా చేతికే వచ్చేది. మాదాపూర్‌లో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, శిక్షణ విభాగంలో చేరాక, కంప్యూటర్ పాఠానికి తెలుగు గొంతు కావాలంటే అందరూ నా వైపే చూసేవారు. నేను కాసేపు బెట్టు చేసి ఒప్పుకొనేదాన్ని.

ఆ పొగరు దించింది మా ఫ్లోరు శుభ్రం చేసే అక్క.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. ఏ రోజు బంద్ అవుతుందో తెలిసేది కాదు. నిన్నటిదాకా ఒకే టిఫిన్ డబ్బాలో చేతులు పెట్టినవాళ్లు క్యాంటీన్‌లో రెండు బల్లలుగా చీలి కూర్చునేవారు. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడిన కుటుంబం కాబట్టి, నేను ఏ బల్ల దగ్గర కూర్చునేదాన్నో చెప్పక్కర్లేదు. అక్కది మెదక్ జిల్లా. నానక్‌రామ్‌గూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. నలభై దాటిన మనిషి. అంకెలు గుర్తుపట్టేది గానీ చదవడం రాదు.

అప్పుడే మా విభాగానికి ఒక పని వచ్చి పడింది. మూడు వారాల్లో బిల్డింగు భద్రత చూడటానికి బయటి నుంచి తనిఖీ అధికారి వస్తాడట. శుభ్రం చేసేవాళ్లలో ఎవరినో ఒకరిని ఆపి, చేతిలో సీసా దేనికి వాడతారు, దేనితో కలపకూడదు అని అడుగుతాడట. చెప్పలేని వాళ్లను కాంట్రాక్టరు మర్నాటి నుంచి రావద్దంటాడు. ఆ మాట విన్నాక అక్క మొహంలో నవ్వు పోయింది. ఏ సీసా దేనికో ఆమెకు రంగును బట్టి బాగానే తెలుసు. కానీ ఆఫీసర్ల ముందు నోరు పెగలదు. మేనేజరు పలకరించినా గోడకు అతుక్కుపోయేది.

వారం రోజులు కూర్చుని బ్రహ్మాండమైన కంప్యూటర్ పాఠం తయారు చేశాను. బొమ్మలు, బాణాలు, వెనక సంగీతం, ఆ పైన నా గొంతు. ఒక మధ్యాహ్నం అందరినీ శిక్షణ గదిలో కూర్చోబెట్టాం. తెల్లవారుజామునే లేచి పనికి వచ్చినవాళ్లు. చల్లటి ఏసీ, మెత్తటి కుర్చీలు. పది నిమిషాల్లో గదంతా గురకలు. అక్క ఒక్కతే మేలుకొని తలుపు వైపు చూస్తోంది.

"మేడం, గంటసేపు గిట్ల కూసుంటే నా ఫ్లోరు ఎవరు తుడుస్తరు?" అంది.

ఒళ్లు మండింది గానీ ఆమె అడిగింది సబబే. మనుషులను పాఠం దగ్గరికి లాక్కొచ్చే బదులు పాఠాన్నే పని దగ్గరికి పంపాలి. ప్రతి ఫ్లోరు ప్యాంట్రీలో, టీ మిషన్ పక్కన, గోడకు ఒక ఫోను ఉండేది. ఆఫీసు ఫోన్లు చూసే మిత్రుణ్ణి బతిమాలి ఒక నాలుగంకెల నంబరు సంపాదించాను. అది నొక్కితే నిమిషం పాటు పాఠం వినిపిస్తుంది. ఒక చేత్తో గట్టు తుడుస్తూనే వినొచ్చు.

మొదటి రోజు అందరూ విన్నారు. రెండో రోజు ఒక్కరూ వినలేదు. ఎందుకని అక్కను అడిగితే ముందు చెప్పనంది.

"మీరు మంచిగనే చెప్తుండ్రు మేడం. గని వార్తలు చదివినట్టున్నది. ద్రావణం అంటే ఏంది? గాఢత అంటే ఏంది? మా పోరీలు నవ్వుతుండ్రు," అంది చివరికి.

నా గొంతు విని నవ్వడమా! ఇదంతా ఆ రెండు బల్లల గొడవేనని, నేను ఆంధ్ర మనిషిననే ఈ ఎత్తిపొడుపని తేల్చేసుకున్నాను. ఇంటికి వెళ్లి, "మన మాట కూడా వాళ్లకి పనికిరాదట," అని అమ్మ దగ్గర చిందులు తొక్కాను. అమ్మ బీరకాయ చెక్కు తీస్తూ తలైనా ఎత్తలేదు.

"కూర ఉప్పగా ఉందంటే ఈసారి ఉప్పు తగ్గిస్తామే గానీ, అన్నవాళ్లది ఏ జిల్లా అని అడుగుతామా?" అంది.

ఆ పూట అన్నం సయించలేదు. అమ్మ మాట నిజమని తెలిసిపోవడమే అందుకు కారణం.

మర్నాడు బంద్. తమ్ముడు నన్ను సందుల్లోంచి బండి మీద తీసుకొచ్చి దింపాడు. అక్క నానక్‌రామ్‌గూడ నుంచి నడిచే వచ్చింది. ఆఫీసు ఖాళీ. ప్యాంట్రీలో మేమిద్దరమే.

"అక్కా, ఆ పాఠం నువ్వు చెప్పు," అన్నాను.

"నేనా? నాకేమొస్తది మేడం?"

"నీ కోడలికి చెప్పినట్టు చెప్పు. ఇక్కడ ఆఫీసర్లెవరూ లేరు."

నేను రికార్డింగు నంబరు నొక్కి ఇస్తే, ఫోను చెవికి ఆనించుకుని గోడ వైపు తిరిగింది.

"చూడుండ్రి. నీలం సీస అద్దాలకు. ఎర్ర సీస బాత్రూంలకు. తెల్ల సీస ఘాటు వాసనొస్తది, అది నేలకు. ఎర్రది, తెల్లది అస్సలు కలపొద్దు. కలిపినవనుకో, కండ్లు మండుతయ్, ఊపిరి ఆడది, ఇగ దవాఖానకే. జర పైలం."

నేను రాసిన పాఠమంతా అందులో పట్టేసింది. ఆ నంబరులో నా గొంతు తీసేసి అక్క గొంతు పెట్టాను.

రెండు రోజుల తర్వాత చూస్తే నా బల్ల మీది ఫోనులో ఎర్ర దీపం ఆగకుండా వెలుగుతోంది. మా మిత్రుడు చెప్పడం మరిచిన సంగతి ఒకటుంది. పాఠం అయ్యాక బీప్‌మని మోగి, అవతలివాళ్లు ఏం మాట్లాడినా రికార్డయి నా ఫోనుకు వచ్చి చేరుతుంది. నా గొంతుకు ఎవరూ బదులు చెప్పలేదు. అక్క గొంతు వినగానే మాత్రం ఆమె లైన్లోనే ఉందనుకున్నారు అందరూ.

"ఆఁ అక్కా, సమజైంది. గని కార్పెట్ మీద చాయ్ మరక పోతలేదు, ఏం జెయ్యాలె?"

"అక్కా, ఎర్ర సీస మూత పగిలింది. నీళ్ల సీసల పోసుకోవాల్నా?"

"తిన్నవా అక్కా?"

"ఏందక్కా పలుకుతలేవు? నా మీద కోపమొచ్చిందా?"

కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. అక్కను పిలిచి వినిపిస్తే ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. మూత పగిలిన మాట దగ్గర మాత్రం ఠక్కున ఆగింది.

"గా పిల్ల ఎవరో. నీళ్ల సీసల పోస్తే ఎవరన్న తాగుతరు. ఇప్పుడే చెప్పాలె మేడం."

ఆ రోజు నుంచి మాకు అదే అలవాటైంది. భోజనాలయ్యాక పావుగంట ప్రశ్నలు వినడం, అక్క జవాబు చెప్పడం, మర్నాటికి అదే కొత్త పాఠం. చాయ్ మరక సంగతి అక్కకూ తెలియదు. ఆరో ఫ్లోరులో పనిచేసే శ్రీకాకుళం ఆవిడెవరో, ముందు చన్నీళ్లలో తడిపిన గుడ్డతో ఒత్తాలని, రుద్దకూడదని ఫోనులోనే చెప్పింది. అక్క దాన్ని కూడా పాఠంలో కలిపేసింది. ఆ పావుగంట కోసం నేను పొద్దున్నుంచీ ఎదురుచూసేదాన్ని. ఉద్యోగంలో అంత సంతోషం అంతకుముందు నేనెరగను.

తనిఖీ రోజు రానే వచ్చింది. అధికారికి తెలుగు రాదు. ఆయన ప్రశ్నలు తెలుగులో చెప్పడానికి నన్ను వెంట పంపారు. అన్ని ఫ్లోర్లూ తిరిగి తిరిగి మా ప్యాంట్రీలోనే ఆగాడు. ఎర్ర సీసా చూపించి అక్కను అడిగాడు. నేను ఆ ప్రశ్న తెలుగులో చెప్పాను. అక్క పెదవులు కదిలాయి, మాట రాలేదు. కాంట్రాక్టరు మనిషి గొంతు సవరించుకున్నాడు. జవాబు నా నాలుక చివరే ఉంది, కానీ నేను చెప్పకూడదు.

అక్క వెనక్కి తిరిగి గోడకున్న ఫోను తీసింది. నాలుగంకెలు నొక్కింది. రిసీవర్లోంచి ఆమె గొంతే సన్నగా వినిపించింది. నిమిషం పాటు తన పాఠం తనే విన్నది. బీప్ మోగింది. మా అందరికీ వీపు చూపిస్తూ, "చూడుండ్రి," అని మొదలుపెట్టింది. ఆయన అడుగుతుంటే నేను తెలుగులో చెప్పాను, ఆమె ఫోనుకు జవాబు చెప్పింది, దాన్ని నేను ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. మూత పగిలితే ఏం చేయాలో కూడా చెప్పింది. ఆయన నవ్వాపుకుంటూ కాగితం మీద టిక్కులు పెట్టాడు. ఈమెకు ఎవరు నేర్పారని నన్నడిగాడు. నేను అక్క వైపే వేలు చూపించాను.

నా సీటుకు తిరిగి వచ్చేసరికి ఎర్ర దీపం వెలుగుతోంది. చెవికి పెట్టుకుంటే పరీక్ష మొత్తం అందులో ఉంది. చివర మా చెప్పుల చప్పుడు దూరమైంది. తర్వాత అక్క మెల్లగా అంది. ఈ మూడు వారాలూ నన్ను మేడం అనే పిలిచిన మనిషి.

"చెల్లె, పోయిండ్రా? నా పని ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే అక్కా," అన్నాను గట్టిగా. పక్క సీట్లవాళ్లు తిరిగి చూశాక గానీ, నేను రికార్డింగుకు బదులు చెబుతున్నానని నాకు తెలియలేదు.