పోలండులో మా ఊరి గుట్ట

హైదరాబాదులో సినిమా పోస్టర్ల మీద కంప్యూటర్ కోర్సుల పోస్టర్లు అంటిస్తున్న రోజులవి. నాతో చదివినవాళ్లంతా సాఫ్ట్‌వేర్ వైపు పరిగెడుతుంటే, నేను మాత్రం మూడు నెలల కోర్సు సగంలో వదిలేసి ఫిల్మ్ నగర్‌లో ఒక డైరెక్టర్ గారి దగ్గర ఐదో అసిస్టెంటుగా చేరాను. ఆ సగం కోర్సు కూడా ఆఫీసులో మరెవరికీ లేదు కాబట్టి నా పేరు 'కంప్యూటర్' అయిపోయింది. (మౌస్ పట్టుకోవడం తప్ప నాకు పెద్దగా ఏమీ రాదని ఎవరికీ చెప్పలేదు. అడిగితేగా!) మా ఆఫీసులో నియమం ఒకటే. డైరెక్టర్ గారు ఏదడిగినా 'తెలీదండీ' అనకూడదు, 'ఉందండీ, తెస్తానండీ' అనాలి. నాకు ముందున్న ఐదో అసిస్టెంటు ఒకసారి తెలీదన్నాడు. ఆ చోటు ఖాళీ అవడమూ, నేను చేరడమూ అలాగే జరిగాయి.

ఒక ఉదయం డైరెక్టర్ గారు పిలిచారు. "ఒరేయ్ కంప్యూటర్, పాటకి పోలండ్‌లో ఓ పల్లెటూరు చూశాం. చర్చి, గోధుమ చేలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఊరివాళ్లు ఒప్పుకోవాలంటే ప్రొడ్యూసర్ గారు వాళ్ల ఊరి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి. దాని చరిత్ర, భూగోళం రెండు పేజీలు రాసుకురా. రేపు పొద్దున్నే జూబ్లీ హిల్స్‌లో వారింట్లో వినిపించాలి."

"ఉందండీ, తెస్తానండీ" అన్నాను.

యూసుఫ్‌గూడలోని ఇంటర్నెట్ సెంటర్‌లో మధ్యాహ్నమంతా కూర్చుంటే దొరికింది మూడు లైన్లు. ఊరి పేరు, దగ్గరి పట్నం పేరు, జనం వ్యవసాయం చేస్తారన్న ముక్క. సెంటర్ ఓనర్ నా మొహం చూసి జాలిపడ్డాడు. "గింత చిన్న ఊరికి గింతే ఉంటది అన్నా. ఇంకేం కావాలె నీకు?" నాకు కావలసింది ఉద్యోగం. అందుకని గదికి వెళ్లి, నాకు బాగా తెలిసిన ఒకే ఒక్క ఊరి చరిత్ర రాశాను. అది మా ఊరు. మాకు తూర్పున గుట్ట ఉంది, పడమట వాగు ఉంది. వాళ్లకూ అవే ఇచ్చేశాను. మా నాయనమ్మ చెప్పిన సంగతి కూడా ఇచ్చేశాను. వెనకటికి గత్తర, అంటే కలరా, వచ్చి ఊరంతా వాగు అవతలికి పోతే, మా నాయనమ్మకు నాయనమ్మ ఒక్కతే కదల్లేదట. "నేను గూడ పోతే పొయ్యిల నిప్పు ఎవలు చూస్తరు?" అందట. గత్తర తగ్గాక తిరిగొచ్చినవాళ్లంతా ఆమె పొయ్యిలోంచి నిప్పు తీసుకెళ్లి తమ పొయ్యిలు వెలిగించుకున్నారు. ఆమె పేరు మల్లమ్మ. నేను మరియా అని మార్చాను. (అంతకంటే పోలండు పేరు నాకు తట్టలేదు.)

ప్రొడ్యూసర్ గారు మర్నాడు వారింటి పెద్ద హాల్లో విని కళ్లు తుడుచుకున్నారు. "ఏం రీసెర్చ్ చేశాడండీ కుర్రాడు!" అన్నారు. నేను ఐదో స్థానం నుంచి మూడో అసిస్టెంటునయ్యాను. నన్ను ఇక్కడే వదిలి యూనిట్ పోలండు వెళ్లింది, నా రెండు పేజీలు విని ఊరు ఒప్పుకుంది, పాట అయిపోయింది. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

రెండు నెలలకు ఆఫీసుకి ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది, 'పరిశోధకుడు గారికి' అని. రాసింది ఆ ఊరి బడిపంతులు. యుద్ధంలో పాత చర్చితోపాటు ఊరి కాగితాలన్నీ కాలిపోయాయట. తమ గతం గురించి ఒక్క ముక్కయినా దొరుకుతుందేమోనని ఆయన ముసలివాడయ్యేదాకా వెతుకుతూనే ఉన్నాడట. మరియా గురించి వినగానే ఊరంతా ఏడ్చిందట. 'తూర్పు గుట్ట మాత్రం మాకు అర్థం కాలేదు. ఇక్కడ నేలంతా చదును. ఒకప్పుడు ఉండేదేమో. బడిపిల్లలూ నేనూ మరియా ఇంటి పునాదుల కోసం తవ్వుతున్నాం. మీరు చూసిన పుస్తకం పేరు చెప్పగలరా?'

చదువుతుంటే గుట్ట దగ్గర నవ్వొచ్చింది. పునాదుల దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తలేకపోయాను. తలుపు దగ్గర్నుంచి డైరెక్టర్ గారు "ఏంట్రా, ఏమంటాడు?" అన్నారు. "థాంక్స్ చెప్పాడండీ" అన్నాను. "జవాబు రాసెయ్." "రాస్తానండీ." రాయలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ నాతోనే ఉంది.

ఈ మధ్య ఆ ఊరి పేరు కంప్యూటర్‌లో కొట్టి చూశాను. ఒక ఫొటో వచ్చింది. చేను గట్టున చిన్న తెల్లరాయి, దాని మీద మరియా పేరు, చుట్టూ కొవ్వొత్తులు పట్టుకున్న పిల్లలు. తర్వాత మా ఊరి పేరు కొట్టాను. పిన్‌కోడ్ వచ్చింది, అంతే. నాయనమ్మ పోయి చాలా కాలమైంది. మల్లమ్మ సంగతి మా పిల్లలకు నేనెప్పుడూ చెప్పలేదు. తనవాళ్ల కథను ఒక్క ఉద్యోగం కోసం దేశం దాటించి, ఇంట్లోవాళ్లకు మాత్రం దాచిపెట్టిన ఆ మూడో అసిస్టెంటును తలుచుకుంటే తిట్టాలనీ ఉంటుంది, నవ్వూ వస్తుంది. ఆ పంతులు గారు ఉన్నారో లేరో తెలీదండీ. ఇన్నేళ్లకు ఆ మాట అనగలిగాను. నిన్న కాగితం తీసి జవాబు మొదలుపెట్టాను: 'అయ్యా, మీరడిగిన పుస్తకం మా నాయనమ్మ.'