రాణి వేషం కట్టిన పిల్లవాడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కథల పుస్తకం ఒక్కటైనా ఉండేది కాదు. మా బాపు నిజాం కాలంలో బడికి పోయినవాడు, ఆయనకు వచ్చింది ఉర్దూ అక్షరాలే. అవ్వ అంటే మా అమ్మ, ఆమెకు అవి కూడా రావు. కరీంనగర్‌లో మా వాడంతా మగ్గాల వాడ. బాపు గుంట మగ్గం మీద నేసేవాడు, అవ్వ పక్కగదిలో రాట్నం ముందు కూర్చుని ఆయనకు కండెలు చుట్టి ఇచ్చేది. కండె అంటే నూలు చుట్టిన చిన్న పుల్ల. అది మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తితేనే బట్ట తయారవుతుంది.

నా పదమూడో ఏట వానాకాలపు జ్వరంతో అవ్వ పోయింది. నేను ఏడవలేదు. పంతం పట్టి ఏడవకపోవడం కాదు, ఏడుపు రాలేదు. రాట్నం ముందు ఆమె చోటు ఖాళీగా ఉంటే వెళ్లి కూర్చున్నాను. బడికి పోవడం, రావడం, కండెలు చుట్టడం, పెట్టింది తినడం. పులుసులో ఉప్పు లేకపోయినా నాకు తెలిసేది కాదు. వాడలోని ఆడవాళ్లు నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చి, వాళ్ల కళ్లు వాళ్లే తుడుచుకుని వెళ్లేవారు. నాకు వాళ్ల చీరల గంజి వాసన తప్ప ఇంకేమీ అంటేది కాదు. చావు జరిగి ఏడాది తిరగని ఇల్లు గనుక మా గడప దగ్గర ఎవరూ గట్టిగా నవ్వేవారు కూడా కాదు.

బాపుకు భయం పట్టుకుంది. "గీ ఇంట్ల ఉంటే పిల్ల గిట్లనే మొద్దువారుతది" అని, నన్ను సుల్తానాబాద్ దగ్గర అమ్మమ్మ ఊళ్లో వదిలిపెట్టాలని నిశ్చయించాడు. ఆ ఊళ్లో పెద్ద బడి లేదు, నా చదువు అంతటితో సరి. ఆ మాట చెప్పి నా మొహం చూశాడు. సరే అన్నాను. తెల్లారి బస్సుకే పోవాలన్నాడు. దానికీ సరే అన్నాను. వద్దని గొడవ చేస్తానని ఆశపడ్డాడేమో, నా సరే విని ఇంకా కుంగిపోయాడు.

ఆ సాయంత్రం పక్కింటి అక్క వచ్చింది. ఆమె ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చి ఆ ఇంట్లో కిరాయికుంటున్న కొత్త పంతులమ్మ. చేతిలో అట్ట నలిగిన నవల ఒకటి ఉంది. ఇక ఓదార్పు మొదలవుతుంది కాబోలు అనుకుని తల వంచుకున్నాను. ఆమె అవ్వ ఊసే ఎత్తలేదు.

"చెల్లె, నాకు కండ్లు గుంజుతున్నయి. జర నువ్వు సదువు, నేను నీ కండెలు చుడుత" అంది.

రాట్నం ఎన్నడూ ముట్టని మనిషి. అయినా నాకేం, సరే అన్నాను.

అది పద్నాలుగేళ్ల పిల్లవాడి కథ. సన్నని గొంతని ఊరి నాటకంలో వాడికి రాణి వేషం ఇచ్చారు. నెల్లాళ్లు చక్కగా నేర్చుకున్నాడు. తీరా నాటకం నాడు, యుద్ధంలో చచ్చిన రాజు మీద పడి ఏడుద్దామని నోరు తెరిస్తే గొంతు కాస్తా మారిపోయింది. రాణి ఆ పిల్లవాడి నాన్న గొంతుతో "అయ్యో ప్రాణనాథా" అంది. నేను ఆ ప్రాణనాథాను బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివాను. నా గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు.

ఇంతలో మగ్గం ఆగింది. అక్క చుట్టిన కండె వదులై, నూలంతా ఒక్కసారిగా జారి చిక్కుపడింది. మా వాడలో చిన్నపిల్లలు కూడా చేయని తప్పు అది. బాపు ఆ చిక్కు చేతపట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"గీ కండె ఎవ్వలు చుట్టిండ్రు? సేమియా లెక్క జారుతుంది!"

"నేనే కాకా. మా దిక్కు గిట్లనే చుడుతరు."

"మరి మీ దిక్కు బట్టలు కట్టుకుంటరా, పంతులమ్మా?"

అక్క నన్ను ఆగమనలేదు. నేను ఆగలేదు. రాణి ఏడుపు విని చచ్చిన రాజు నవ్వు ఆపుకోలేక పొట్ట ఎగరేస్తున్న చోటు వచ్చింది. అదీ అంతే పొడిగా చదివాను. బాపు గుమ్మంలోనే నిలబడి విన్నాడు. విని విని ఒక్కసారిగా నవ్వాడు, ఆ చిక్కుపడ్డ నూలు చేతిలో ఉండగానే. నవ్వి, వెంటనే కండువా నోటికి అడ్డం పెట్టుకుని వీధి వైపు చూశాడు. నాకు నవ్వు రాలేదు. ఎవరో పరాయి మనిషిని చూసినట్టు ఆయన్ని చూస్తూ ఉండిపోయాను.

కథలో జనంలోంచి ఆ పిల్లవాడి తల్లి లేచి వేదిక దగ్గరికి వస్తోంది. అక్కడికి రాగానే అక్క నా చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసేసింది.

"మిగిలింది రేపు."

"రేపు నేనుండ అక్కా. అమ్మమ్మోళ్ల ఊరికి పోతున్న."

"అట్లనా, మంచిది" అని పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. బాగుందా అని అడగలేదు. ఉండమనలేదు. నాకు ఆమె మీద కోపం వచ్చింది. అన్ని రోజుల్లో నాకు ఏదైనా రావడం అదే మొదలు.

తెల్లారి బాపు నా బట్టల మూట కట్టి భుజాన వేసుకున్నాడు. నేను గడప దాటలేదు.

"నేను పోను బాపు."

"ఎందుకు బిడ్డా?"

"వాళ్లవ్వ వాణ్ని కొట్టిందో లేదో చూడాలె."

అవ్వ అనే మాట ఆమె పోయాక నా నోట రావడం అప్పుడే. బాపుకూ అది తెలిసింది. మూట దింపి, గడప మీద కూలబడి, కండువాలో మొహం దాచుకున్నాడు. కాసేపటికి నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. బస్సు వేళ దాటిపోయింది.

ఇప్పుడు నా మనవళ్లు, మనవరాళ్లు ఆ ఈడుకు వచ్చారు. మూతి ముడుచుకుని తిరుగుతుంటారు, ఏమైందంటే ఏం లేదంటారు. వాళ్లకు నవ్వించే నవలే ఇస్తాను. మంచిదని పొగడను, చదివితే మనసు తేలికవుతుందని చెప్పను. నాలుగు పేజీలు పొడి గొంతుతో చదివి, సరైన చోట మూసి లేచిపోతాను. నాయనమ్మ కసాయిది అని తిట్టుకుంటారు. తిట్టుకోనీ. నాకు నవ్వు తిరిగి రావడానికి ఆ తర్వాత కూడా చాలా నెలలు పట్టింది. అంతకంటే ముందు, ఆ పొద్దున్నే, నాకు సాయంత్రం ఎప్పుడవుతుందా అనిపించింది. పిల్లల చేతిలో పుస్తకం పెట్టినప్పుడల్లా నేను ఇవ్వాలనుకునేది అంతే.