గొట్టాలకు చెవి ఆనించే మేస్త్రి

ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో యూనియన్ చందాలతో నడిచే ఫిట్టర్ శిక్షణలో నేనొక్కదాన్నే అమ్మాయిని. మాకు పని నేర్పే శ్రీకాకుళం మేస్త్రి, భోజనవేళ మెషీన్లు ఆగగానే కళ్లు మూసుకుని, మెషీన్లను నడిపే గాలి గొట్టాలకు లీకుల కోసం చెవి ఆనించేవాడు. "గాలి వృథాగా పోతే కరెంటు వృథాగా పోయినట్టే" అనేవాడు.

ఒకరోజు భోజనవేళ యూనియన్ లీడరు వచ్చి, "ఆడపిల్లకు ఈ పనేంది? మాన్పించు" అన్నాడు.

"ఇక్కడో లీకుంది. ముందు మీరు కనిపెట్టండి బాబూ, తర్వాత పిల్ల కనిపెడతాది" అన్నాడు మేస్త్రి.

లీడరు వెతికి వెతికి అలసిపోయాడు. నేను గొట్టాల వెంట వింటూ నడిచాను. ఒక వంపు దగ్గర సన్నగా బుస వినిపించింది. సబ్బునీళ్లు పూస్తే బుడగలు పొంగాయి.

లీడరు పకపకా నవ్వేశాడు. "మీ ఊళ్లో ఇట్లాంటోళ్లు ఇంకా ఉన్నరా బేటీ?"

నేను నోరు తెరిచేలోపే మేస్త్రి, "నలుగురున్నారు, శిక్షణలో చేరే ఫారాలు ఇచ్చెయ్యండి" అన్నాడు.

సుక్మా అడవుల్లోని మా ఊరిని ఆయన ఎన్నడూ చూసింది లేదు.