ఎద్దుల గొలుసుతో అండమాన్ పోయిన రోజు

ఈ పొద్దు గోరంట్ల సంతలో ఎద్దు గొలుసు గలగలమంటే నా కాళ్లు ఆడనే నిలబడిపోయినాయి. రేయ్ ఏడో తరగతి దొంగల్లారా, గుర్తుండాదా? అండమాన్ జైలుకు ఓడలో పోయే ఖైదీల నాటకమని అయ్యవారు మా ఇంటి ఎద్దుల గొలుసులు తెప్పించి మన కాళ్లకు కట్టినాడు. సముద్రం మనలో ఎవుడు చూసినాడు? శెనక్కాయల బండిలో కూర్చున్నట్టు ఊగితిమి. ఊరంతా చూస్తాండె.

అయ్యవారు ఎవుని భుజం తడితే వాడు ఖైదీ మనసులో మాట చెప్పల్ల. నవ్వించడంలో నన్ను మించినోడు బళ్లో లేడు కదా, మంచి తిట్టొకటి దాచిపెట్టుకోనుంటి. భుజం మీద చెయ్యి పడంగానే నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నాయనా, ఎద్దులకు నీళ్లు పెట్టినావా?"

ఒక్కడూ నవ్వలే. జనంలోనుంచి మా నాయన లేచి అరిచినాడు:

"పెట్టినాలేరా, నువ్వు ముందు ఇంటికి రా!"