ఉత్త కడుపున మూడు జింకు గోలీలు, చేతిలో కోడె పగ్గం

నిరుడు వానాకాలం నాకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గించింది డాక్టరే అయినా, మొక్కు మాత్రం వేములవాడ రాజన్నకు పడింది. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పాలి, అప్పటిదాకా ఏమీ తినకూడదు.

"గోలీలు తిండి కిందికి రావు బిడ్డా. గుడికాడ మంది ఉంటరు, మళ్ల జరమొస్తది" అంటూ అవ్వ పొద్దున్నే ఒక గోలీ ఇచ్చింది. మేనమామ దుబాయి నుంచి తెచ్చిన విటమిన్ సి, జింకు గోలీ అది. నేను ముందుజాగ్రత్తగా ఇంకో రెండు మింగాను.

వరుసలోనే కడుపులో తిప్పడం మొదలైంది. ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు నిలబడ్డాను. పగ్గం చేతికొచ్చేసరికి ఒళ్లంతా చెమట. గుడిలో కక్కితే రాజన్న క్షమిస్తాడేమో, అవ్వ క్షమించదు. కోడె మాత్రం నిమ్మళంగా నన్ను తిప్పుతోంది.

"బాపూ, జర పగ్గం పట్టు!"

"ఇంక సగమే అయింది గదరా?"

"నాది మొత్తం అయింది!" అని బయటి మోరీ దాకా ఉరికి, ఆ మురికి కాలువలోనే కక్కాను.

దవాఖానలో డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఉత్త కడుపుతోని మూడు ఏసినవా? తిన్నంక ఒక్కటే ఎయ్యాలె. అది గూడ డాక్టర్ చెప్తెనే, చెప్పినన్ని రోజులే."

"గని మేడం, మొక్కు చెల్లినట్టేనా?" అని అడిగింది అవ్వ.

"గది నాకు తెల్వదమ్మా."

తర్వాతి సోమవారం మళ్లీ వెళ్లి చుట్టు పూర్తి చేశాను. ఆ ఏడాది నాకు రెండు జబ్బులు వచ్చాయి. మొదటిది జ్వరం, రెండోది అది మళ్లీ వస్తుందన్న భయంతో నేనే మింగింది.