నాలుగు వేళ్ళ సందు

మా రొయ్యల గుంటలు బిట్రగుంటకు తూర్పున, సముద్రానికి దగ్గరలో ఉన్నాయి. గుంటల నుంచి తారురోడ్డు దాకా మట్టికట్టే దారి. ఒకవైపు గుంటల నీళ్ళు, రెండోవైపు ఉప్పుకాలువ. దాని మీద బరువు బండి కదిలినప్పుడల్లా నాకు గుండెదడే. నడిపేది నా కొడుకు.

పోయినేడు వేసవి పంటకు ముందు వాడు మా చిన్న ట్రక్కుకు వెనక ఎయిర్ బ్యాగులు పెట్టించాడు. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య, పక్కకొకటి చొప్పున రెండు రబ్బరు తిత్తులు. గాలి కొడితే, బరువు మోసే ఇనుప కమాన్ కట్టలకు సాయంగా నిలిచి, వెనక భాగాన్ని కుంగనివ్వవు. తడలో వాటిని బిగించిన మెకానిక్‌ను నేను రెండుసార్లు అడిగాను, వీటితో బండి ఎక్కువ మోస్తుందా అని.

"లేదమ్మా. కుంగకుండా ఉంటది, అంతే. మోసేది ఎప్పటి పదిహేను వందల కిలోలే" అన్నాడు.

నేను విన్నాను, నా కొడుకూ విన్నాడు. ట్రేలు ఎక్కించే మేస్త్రీ అక్కడ లేడు, వినలేదు.

అతని పద్ధతి వేరు. వెనక టైరుకూ పైన తొట్టికీ మధ్య చెయ్యి దూరుస్తాడు. నాలుగు వేళ్ళు పట్టినంతసేపు ఎక్కించడమే. వేళ్ళు బిగుసుకుంటే ఆపుతాడు. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి తప్పింది లేదు.

ఆ వేసవి పంటకు, అమావాస్యకు పొట్టు విడిచిన రొయ్య మళ్ళీ గట్టిపడేదాకా ఆగి, అయిదో నాడు పొద్దున్నే వల దించాం. అంతకు ముందురోజు వానకు తూము దగ్గర కట్ట అంచు కోసుకుపోయి ఉంది. నేను మొదటి ట్రే తూకం చూశాను. ఐసుతో కలిపి నలభై కిలోలు. ముప్పై ఏడో ట్రే ఎక్కగానే చాలన్నాను.

మేస్త్రీ చెయ్యి దూర్చి నవ్వాడు. "నాలుగు వేళ్ళేంది అవ్వా, పిడికిలి పడతా ఉండాది! మిగిలిన తొమ్మిదీ ఎక్కినా దీనికి ఆనదు."

"పదిహేను వందలు దాటిపోద్ది, ఆపు."

"లెక్క నీకెరుక, బండి నాకెరుక. నువ్వు నీడకు పో."

ఐసు కరిగిపోతోందని సరుకు కొన్నవాళ్ళ మనిషి పక్కన గొణుగుతున్నాడు. నా కొడుకు బండి వెనక్కి వెళ్ళి చూసొచ్చాడు. "సమంగానే ఉండాది గదమా, ఉత్త బండి మాదిరి" అన్నాడు. తొమ్మిదీ ఎక్కించేశారు. పద్దెనిమిది వందల నలభై కిలోలు.

"ఆ తిత్తుల్లో గాలి తియ్యరా" అన్నాను.

"ఏందిమా, ఇప్పుడా?"

"తీసినాక మేస్త్రీని చెయ్యి పెట్టమను. నాలుగు వేళ్ళు పడితే నేను నోరెత్తను."

వాడు విసుక్కుంటూనే రెండు వాల్వులూ నొక్కాడు. బుస్సుమంటూ గాలి పోతుంటే బండి వెనక భాగం కుంగుతూ కుంగుతూ టైర్ల మీదికి వచ్చేసింది. మేస్త్రీ వంగి చెయ్యి పెట్టబోయాడు. ఒక్క వేలు దూరింది.

"ఓయమ్మో" అన్నాడు.

తొమ్మిది ట్రేలు దింపారు. ఖాళీ తిత్తులతో నడిపితే రబ్బరు నలిగి చిరుగుతుందని నా కొడుకు కాలిపంపుతో మళ్ళీ గాలి కొట్టాడు, రెండు పక్కలా మీటరు ఒకే అంకె చూపించేదాకా. కూలీలు ఎప్పటిలాగే ట్రేల మీదికి ఎక్కబోయారు.

"ఇంక ఇరవై కిలోలకే చోటు. మీలో ఇరవై కిలోల మనిషి ఉంటే ఎక్కండి" అన్నాను.

"అయితే నడవాల్నా అవ్వా?"

"నేనూ నడస్తా, పదండి."

బండి ముందు, మేము వెనక. తూము దగ్గరికి వచ్చేసరికి నా కళ్ళు కాలువ వైపు టైరు మీదే ఉన్నాయి. టైరు కింది మట్టి కొంచెం కదిలింది. తర్వాత పెద్ద పెళ్ళ విరిగి కాలువలో పడింది. బండి ఒరిగింది. ఇంజను గట్టిగా మూలిగి, బండి తిన్నగా లేచి, అవతలికి దాటింది.

నా కొడుకు బండి ఆపి దిగొచ్చాడు. విరిగిన చోట నిలబడి కాలువలోకి చూశాడు.

"అన్నా, మిగిలిన తొమ్మిదీ మోటారు సైకిళ్ళ మీద తారురోడ్డుకు తెచ్చెయ్యండి. కట్ట బాగుచేసేదాకా బండి ఇటు రాదు" అన్నాడు మేస్త్రీతో.

మేస్త్రీ గుంటల వైపు వెనక్కి మళ్ళాడు. నేను అక్కడే కట్ట మీద కూలబడ్డాను.