బిచ్చయ్య పక్కన కూర్చున్న రోజు

నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక ధర్మసంస్థ ఉంది. కాళ్లు పోయినవాళ్లకు అక్కడ కృత్రిమ కాళ్లు చేసి ఉచితంగా అమరుస్తారు. విద్యావతి ఇరవై నాలుగేళ్లుగా అక్కడ రిజిస్టర్లు రాస్తోంది. కోఠిలో ఇల్లు. అబిడ్స్ మీదుగా నడిచే వచ్చి, తొమ్మిదింటికల్లా కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఆమె చేరిన కొత్తలో అన్నీ విడి కాగితాలే. ఏటా జనవరిలో కొత్త రిజిస్టరు తెరిచి ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టడం, పాత చీటీ లేకుండా వచ్చినవాళ్లకు కొత్త నంబరు వేయడం, ఈ పద్ధతంతా ఆమె పెట్టిందే. ఒక్క కొట్టివేత కూడా లేని ఆ రిజిస్టర్లను తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకుని పోయేవారు.

మూడేళ్ల కిందట సంస్థకు కంప్యూటర్ వచ్చింది. ఒక కంపెనీ వాళ్లు రిజిస్టరు పేజీలను ఫోన్లో ఫొటోలు తీసుకుపోయి, అయిదు నెలల తర్వాత అచ్చం అవే గళ్లను తెర మీద పెట్టి ఇచ్చారు. రెండు నెలలపాటు విద్యావతి ప్రతి సంగతీ రిజిస్టరులో ఒకసారి, కంప్యూటర్లో ఒకసారి రాసింది. ఎవరికీ ఏ పనీ తగ్గలేదు. చివరికి దాని మీద గుడ్డ కప్పేశారు.

సంస్థ కార్యదర్శి శ్రీరామమూర్తి, ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి, అంతటితో వదల్లేదు. ఈసారి అబిడ్స్‌లో చిన్న ఆఫీసు పెట్టుకున్న మృదుల అనే అమ్మాయిని పిలిపించాడు. ఆమె ముందే ఒక షరతు పెట్టింది.

"సాఫ్ట్‌వేర్ తర్వాత రాస్త సార్. ఈడ పని తెలిసినోళ్లు ఒకరు రెండు నెలలు నాతోని కూసోవాలె."

శ్రీరామమూర్తి విద్యావతి వైపు చూశాడు.

"నాకు కంప్యూటర్ సరిగ్గ రాదు సార్," అందామె.

"అది ఆ అమ్మాయికి వస్తది. మన పని ఆమెకు రాదు. మీరే చెప్పాలె విద్యావతమ్మా."

మొదటిరోజు మృదుల అడిగింది ఒకటే. "మేడమ్, ఒక మనిషి లోపలికొచ్చి, పనై బయటికి పోయేదాక ఏమైతదో చెప్పుండ్రి."

విద్యావతి రెండు నిమిషాల్లో చెప్పేసింది. చీటీ రాస్తాం, కొలతలు తీస్తారు, వర్క్‌షాపులో కాలు చేస్తారు, నడిపించి పంపిస్తారు. మృదుల రాసుకుంది కానీ పుస్తకం మూయలేదు. "రేపు కిటికీ లోపల గాకుండ, బయట బెంచీ మీద కూసొని చూద్దామా?" అంది.

మర్నాడు బుధవారం. కిటికీ దగ్గర, నాలుగేళ్లుగా విద్యావతి చేతికింద పని నేర్చుకున్న కీర్తి కూర్చుంది. విద్యావతి, మృదుల బయట బెంచీ మీద చేరారు. పొద్దుటి బండిలో తాండూరు నుంచి దిగిన బిచ్చయ్య వాళ్ల పక్కనే కూలబడ్డాడు. అరవైకి దగ్గరపడ్డవాడు, బండల గనిలో పనిచేసి కాలు పోగొట్టుకున్నాడు. పెట్టుడుకాలి పాదం మడమ దగ్గర పగిలింది. దానికి గోనెగుడ్డ చుట్టుకుని వచ్చాడు.

వంతు రాగానే కీర్తి అడిగింది. "పాత నంబరు చీటీ ఉన్నదా?"

"వానకు తడిసి పోయిందమ్మా."

"ఏ సంవత్సరం పెట్టించుకున్నవ్?"

"మా మనుమరాలు పుట్టిన యేడు."

"గట్ల చెప్తె దొరకదు పెద్దాయనా. కొత్త చీటీ రాస్త. కొలతలు మంగళవారం, శుక్కురారమే తీస్తరు. ఎల్లుండి రా."

బిచ్చయ్య చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కీర్తిని మందలించబోయి విద్యావతి ఆగిపోయింది. ఆ పిల్ల అన్నదాంట్లో ఒక్క మాట కూడా సొంతది కాదు. అన్నీ తను నేర్పినవే.

"పోయినసారి ఎన్ని తాపలు తిరిగినవ్ బిచ్చయ్యా?" అని విద్యావతి అడిగింది.

"నాలుగు తాపలమ్మా. మంచిగనే చేసిన్రు, తప్పు చెప్పొద్దు. తిరుగుడుకే కష్టమైతది."

ఆయన్ని ఉండమని చెప్పి విద్యావతి రికార్డుల గదిలోకి వెళ్లింది. మృదుల కూడా ఒక రిజిస్టరు అందుకుంది. రెండు గంటలు పట్టింది. బిచ్చయ్య పేరు 2016లో ఒకచోట, 2019లో ఒకచోట, 2022లో ఒకచోట దొరికింది. ఊరు అదే, కాలు అదే. నంబర్లు మాత్రం మూడు. ఆ పుస్తకాల లెక్కన అక్కడికి వచ్చినవాళ్లు ముగ్గురు మనుషులు. ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి కొలతలు తీశారు.

విద్యావతి 2022 నాటి కొలతలు ఒక కాగితం మీద రాసుకుని, బిచ్చయ్యను వెంటబెట్టుకుని వర్క్‌షాపుకు పోయింది. కాళ్లు చేసే మేస్త్రీ శ్యామ్‌సుందర్ బిచ్చయ్యను చూస్తూనే గుర్తుపట్టాడు.

"బండల పనాయన గదా. పాదమొక్కటే పోయింది. దీనికి కొత్త కొలతలెందుకు మేడమ్? సైజు తెలిస్తె ఒక్క గంటల మారుస్త."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నా దగ్గరికి ముందు చీటీ వస్తది. మనిషి వచ్చేది ఆఖరుకు, నడిపిచ్చేటప్పుడే గదా."

మధ్యాహ్నం మూడింటికి బిచ్చయ్య కొత్త పాదంతో వరండాలో అటూ ఇటూ నాలుగుసార్లు నడిచి, సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. విద్యావతి ఆ రోజు అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోయింది. ఆమె భర్త వామన్‌రావు అడిగితే, ఆకలి కాలేదని మాత్రం చెప్పింది.

తర్వాత మూడు వారాలు వాళ్లిద్దరూ పాత రిజిస్టర్లే తిరగేశారు. నాలుగు వందల పేర్లు తీసి చూస్తే, నూటముప్పయ్యొక్క మంది అంతకుముందు వేరే నంబరుతో వచ్చినవాళ్లే. సంస్థ కమిటీ సమావేశంలో ఆ సంగతి మృదుల చెబుతానంది. విద్యావతి ఒప్పుకోలేదు. తనే లేచి నిలబడింది.

"ఈ పద్ధతి నేను పెట్టిందే సార్. పుస్తకం సాఫుగ ఉండాలని చూసిన. వచ్చినోళ్లు ఎన్నిసార్లు తిరుగుతున్నరో చూడలే."

"నెలనెలా ఆ పుస్తకాల మీద సంతకం పెట్టింది నేనే గదమ్మా," అన్నాడు శ్రీరామమూర్తి. ఇక పని ఎలా మార్చాలన్న మాట మొదలైంది.

మనిషికి జన్మంతా ఒకటే నంబరు ఉండాలి. అది ఎక్కడ ఉండాలి అన్నదే తగవు. ఫోన్ నంబరే పెడదామంది మృదుల. "సగం మందికి ఫోను కొడుకుదో, పక్కింటోళ్లదో ఉంటది. అది మారుతనే ఉంటది," అంది విద్యావతి. కార్డు ఇద్దామంటే, చీటీ తడిసినట్టే అదీ పోతుంది. ఆఖరికి శ్యామ్‌సుందర్, "కాలు లోపటి దిక్కు నంబరు చెక్కుత. కాలు లేకుండ ఎవరూ రారు గదా," అన్నాడు. అందరికీ అదే నచ్చింది. నంబరు అరిగిపోయినా మనిషి దొరికేలా, ఊరు పేరుతోనూ చేసే పనితోనూ వెతికే వీలుండాలని విద్యావతి పట్టుబట్టింది.

అన్నీ ఆమె మాట ప్రకారమే జరగలేదు. తెర మీద నలభై గళ్లు కావాలని ఆమె రాసుకొస్తే, మృదుల పదకొండే ఉంచింది. "నింపెటోళ్లు లేని గడి పెట్టి లాభం లేదు మేడమ్," అంది. విద్యావతి రెండురోజులు ముభావంగా ఉండి, మూడోరోజు రెండు గళ్లు అదనంగా సాధించుకుంది.

జూన్‌లో కొత్త సాఫ్ట్‌వేర్‌ను మరమ్మతులకు మాత్రమే మొదలుపెట్టారు. మొదటి వారంలోనే ఒకే పేరున్న రెండు ఊళ్లు కలిసిపోయి, ఇద్దరి కొలతలు తారుమారయ్యాయి. మండలం పేరు కూడా చేర్చాక అది సర్దుకుంది. సెప్టెంబరుకల్లా కొత్త కాళ్ల పని కూడా అందులోకి వచ్చింది. ఇప్పుడు పాదం పగిలినవాళ్లు వచ్చిననాడే వెళ్లిపోతున్నారు. కొత్త కాలికి రెండుసార్లు రావాల్సిందే. దాన్ని ఒకటి చేయడం కుదరదని శ్యామ్‌సుందర్ తేల్చి చెప్పాడు.

కిటికీ దగ్గర ఇప్పుడు కీర్తే కూర్చుంటుంది. విద్యావతికి లోపలి గదిలో సీటు వేశారు. పాత రిజిస్టర్లలోని మనుషుల్ని ఒక్కొక్కరినీ కలిపి కంప్యూటర్లో ఎక్కించడం ఆమె పని. ఇటీవల కమిటీలో ఒకాయన, సరుకుల లెక్కకూ సాఫ్ట్‌వేర్ రాయిద్దామన్నాడు. "ముందు ఇది కానియ్యండి సార్," అందామె. కొత్త ఏళ్ల నుంచి వెనక్కి వస్తూ ప్రస్తుతం 2011 రిజిస్టరులో ఉంది. రోజుకు ముప్పై పేర్లు అవుతున్నాయి.